అంకెల్లో సరే.. అక్షరాల్లోనే చిక్కు!
రసీదు మాక్రోను చిన్న ఫంక్షన్లుగా విడదీస్తే తేటపడే లెక్క

అమరాపురం: రూపాయల మొత్తాన్ని కూడడం, హెచ్చవేయడం, శాతం కట్టడం ఎక్సెల్‌కు లిప్తపాటు పని. అదే మొత్తాన్ని రసీదు అడుగున తెలుగు అక్షరాల్లో వ్రాయమంటే మాత్రం చేతులెత్తేస్తుంది. వక్క, చింతపండు, పట్టుగూళ్ల లావాదేవీలు జరిగే ఈ ప్రాంతంలో అమరాపురం మొదలు హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వరకు లెక్కలన్నీ కంప్యూటరులోకి ఎక్కినా, ‘అక్షరాలా’ అన్న గీత మీద వ్రాత నేటికీ చాలాచోట్ల గుమాస్తా చేతి మీదుగానే సాగుతున్నది. ఎవరైనా చొరవ తీసుకుని మాక్రో వ్రాసినా అది వందల పంక్తుల కీకారణ్యమై, వ్రాసినవారు ఉద్యోగం మారగానే ముట్టుకునే దిక్కు లేక మూలబడుతున్నది. నిజానికి ఈ పనికి అంత కోడ్ అవసరం లేదు. ఒకే పనిని ఒకేచోట చేసే చిన్న ఫంక్షన్లను, అనగా సహాయక ఫంక్షన్లను, విడిగా వ్రాసుకుంటే అసలు మాక్రో పది పన్నెండు పంక్తులకు దిగుతుంది.

అక్షరాలదే పైచేయి

అక్షరాల్లో వ్రాయడం కేవలం ఆనవాయితీ కాదు. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 18వ సెక్షను ప్రకారం చెక్కు, ప్రామిసరీ నోటు వంటి పత్రాల్లో అంకెలకూ అక్షరాలకూ తేడా వస్తే అక్షరాల్లో ఉన్న మొత్తమే చెల్లుతుంది. ఆచరణలో బ్యాంకులు అటువంటి చెక్కును తిప్పి పంపడమే ఎక్కువ. తేడా ఎవరి కంటా పడకపోతే నష్టం ఎవరో ఒకరు మోయవలసిందే.

ఉదాహరణకు ఒక మండీలో రైతుకు చెల్లించవలసిన మొత్తం రూ.92,500 అనుకుందాం. మాక్రోలో వేల స్థానానికి సంబంధించిన భాగంలో ‘తొంభై’ ఉండవలసిన చోట నకలు కొట్టేటప్పుడు ‘ఎనభై’ పడింది. పత్రం మీద అంకెల్లో 92,500 అనీ, అక్షరాల్లో ‘ఎనభై రెండు వేల ఐదు వందల రూపాయలు’ అనీ అచ్చవుతుంది. చట్టం అక్షరాల పక్షాన నిలిస్తే రైతుకు పదివేలు తక్కువ. తొంభైలు రానంత కాలం ఆ తప్పు బయటపడదు. రోజూ ఇరవై, ముప్పై వేల రసీదులే వచ్చే దుకాణంలో అది నెలల తరబడి నిద్రపోతుంది.

థాయిలాండుకు ఉంది, మనకు లేదు

ఎక్సెల్‌లో ‘బాత్‌టెక్స్ట్’ అని ఒక ఫంక్షను ఉంది. అంకెను ఇస్తే థాయి భాషలో, బాత్ నాణెం పేరుతో సహా అక్షరాల్లో వ్రాసి పెడుతుంది. తెలుగుకు గానీ రూపాయికి గానీ అటువంటి సదుపాయం లేదు. ఈ లోటు తీర్చుకోవడానికి చాలామంది ఆశ్రయించేది మైక్రోసాఫ్ట్ సంస్థే తన సహాయ పుటల్లో నమూనాగా ఉంచిన ‘స్పెల్‌నంబర్’ అనే మాక్రో. అది డాలర్లు, సెంట్ల కోసం వ్రాసినది. మూడేసి అంకెలను విడదీసి థౌజండ్, మిలియన్, బిలియన్ అంటుంది. లక్ష, కోటి దానికి తెలియవు. అయినా అందులో నేర్చుకోదగిన మేలు ఒకటుంది. వందల కోసం ఒకటి, పదుల కోసం ఒకటి, ఒకట్ల కోసం ఒకటిగా చిన్న ఫంక్షన్లను విడిగా పెట్టి, పెద్ద ఫంక్షను వాటిని పిలిచి పని చేయించుకుంటుంది. మన ప్రాంతాల్లో దీనిని రూపాయలకు మార్చుకున్నవారు తరచు ఆ అమరికనే చెరిపి, అంతా ఒకే ముద్దగా చేశారు.

ఈ విభజన కొత్త ఆలోచన కూడా కాదు. బ్రిటన్‌లోని కేంబ్రిడ్జిలో 1949లో పని మొదలుపెట్టిన ఎడ్సాక్ కంప్యూటరు మీద డేవిడ్ వీలర్ తదితరులు పదే పదే అవసరమయ్యే లెక్కలను విడి ముక్కలుగా వ్రాసి, కావలసినప్పుడు పిలుచుకునే పద్ధతిని రూపొందించారు. 1951లో విల్క్స్, వీలర్, గిల్ ముగ్గురూ కలిసి దానిపై గ్రంథమే వెలువరించారు. ఎక్సెల్‌లోకి విజువల్ బేసిక్ మాక్రో భాష 1993లో అయిదవ వెర్షనుతో వచ్చింది.

ముద్ద మాక్రో ఎక్కడ చెడుతుంది

తెలుగు లెక్కలో కోట్లు, లక్షలు, వేలు, చివరి రెండంకెలు.. ఈ నాలుగు స్థానాల్లోనూ ఒకటి నుంచి తొంభై తొమ్మిది వరకు ఏదైనా రావచ్చు. వందల స్థానంలో మాత్రం ఒక్క అంకే వస్తుంది. ఒకటి నుంచి పంతొమ్మిది వరకు 19 మాటలు, ఇరవై నుంచి తొంభై వరకు 8 మాటలు, మొత్తం 27 మాటలు ఉంటే తొంభై తొమ్మిది వరకు వ్రాయవచ్చు. ముద్ద మాక్రోలో ఈ 27 మాటల నిర్ణయం నాలుగు స్థానాలకూ నాలుగుసార్లు నకలు పడుతుంది. అంటే 108 పంక్తులు. ‘యాభై’ని ‘ఏభై’గా మార్చాలని యజమాని కోరితే నాలుగు చోట్ల దిద్దాలి. మూడు చోట్ల దిద్ది నాలుగవది మరిచిపోవడం మానవ సహజం.

సహాయక ఫంక్షను చేసే ఉపకారం ఇక్కడే. రెండంకెల సంఖ్యను ఇస్తే దాని మాటను తిరిగి ఇచ్చే ఒక చిన్న ఫంక్షను వ్రాయాలి. దీనిని ‘రెండంకెల మాట’ అని పిలుద్దాం. (మాక్రోలో పేర్లు ఆంగ్ల అక్షరాల్లోనే పెట్టుకోవాలి. పాఠకుల సౌకర్యార్థం ఇక్కడ తెలుగులో ఇస్తున్నాం.) 47 ఇస్తే ‘నలభై ఏడు’ అని బదులు వస్తుంది. అది నలభై ఏడు కోట్లా, లక్షలా, వేలా అన్న సంగతి దానికి అక్కరలేదు. పైన చెప్పిన ‘తొంభై’ తప్పు ఇందులో దొర్లితే నాలుగు స్థానాల్లోనూ ఒకేసారి కనబడుతుంది. చివరి రెండంకెల్లో తొంభైలు దాదాపు ప్రతిరోజూ వస్తాయి గనుక మొదటి వారంలోనే పట్టుబడుతుంది. తప్పు జరగకపోవడం కాదు, దాగకపోవడం ముఖ్యం.

నిజానికి ఆ 27 మాటల నిర్ణయాన్ని కూడా కోడ్‌లో వ్రాయనక్కరలేదు. ఒక షీటులో ఒకటి నుంచి తొంభై తొమ్మిది వరకు 99 వరుసల పట్టీ వేసుకుంటే ఫంక్షను చేయవలసింది ఆ వరుసకు వెళ్లి మాట తెచ్చివ్వడమే. పంక్తి ఒక్కటే. హిందీలో అయితే పట్టీ తప్ప వేరే దారి లేదు. ఆ భాషలో 79కి ‘ఉన్యాసీ’, 89కి ‘నవాసీ’ వంటి మాటలు సూత్రానికి లొంగవు. తెలుగు ఆ విషయంలో సుగుణవతి, కానీ వేరేచోట మెలిక పెడుతుంది.

విభక్తి తెచ్చే మెలిక

ఆంగ్లంలో ‘థౌజండ్’ ఎక్కడ వచ్చినా థౌజండే. తెలుగులో అలా కాదు. ‘ఐదు వేలు’ అని ఆపవచ్చు గాని ‘ఐదు వేలు రూపాయలు’ అనరాదు. ‘ఐదు వేల రూపాయలు’ అనాలి. వెనుక మాట రాగానే ‘లు’ కాస్తా ‘ల’ అవుతుంది. రసీదు చివర ఎలాగూ ‘రూపాయలు’ అని వస్తుంది కావున బహువచనంలో ఎప్పుడూ వందల, వేల, లక్షల, కోట్ల అని వ్రాస్తే సరిపోతుంది. ఇంతవరకు సులువే.

ఒక్కటి వచ్చినప్పుడు చిక్కు. నూరు రూపాయలు అంటాం, నూట రూపాయలు అనం. కానీ 150 అయితే నూట యాభై. లక్ష రూపాయలు అంటాం, 1,25,000 అయితే లక్షా ఇరవై ఐదు వేలు. ఇక వేయి. కట్నాలు, కానుకల్లో చదివే 1,116ను వేయిన్నూట పదహార్లు అనడం అందరికీ తెలిసినదే. అంటే వెనుక ఇంకా అంకె మిగిలి ఉంటే వేయి ‘వేయిన్ని’ అవుతుంది. ఇక్కడ గమనించవలసిన భేదం ఉంది. బహువచనం వెనుక ఏ మాట వచ్చినా మారుతుంది. ఏకవచనం మాత్రం వెనుక అంకె వస్తేనే మారుతుంది, ‘రూపాయలు’ వస్తే మారదు. ఈ భేదం పట్టుకోక ‘నూట రూపాయలు’ అని అచ్చువేసే మాక్రోలు ఉన్నాయి.

కావున ఒక్కో స్థానానికి మూడు రూపాలతో చిన్న పట్టీ వేసుకోవాలి. వందకు నూరు, నూట, వందల. వేయికి వేయి, వేయిన్ని, వేల. లక్షకు లక్ష, లక్షా, లక్షల. కోటికి కోటి, కోటీ, కోట్ల. ఇదే రెండవ పట్టీ, నాలుగు వరుసలు, మూడు నిలువులు.

దీనిని చదివే రెండవ సహాయక ఫంక్షను పేరు ‘స్థానం మాట’. దానికి మూడు సంగతులు చెప్పాలి. ఆ స్థానంలో ఎన్ని ఉన్నాయి, అది ఏ స్థానం, తర్వాత ఎంత మిగిలింది. ఏమీ లేకపోతే ఖాళీ తిరిగి ఇస్తుంది. ఒకటే ఉండి మిగులు సున్న అయితే మొదటి రూపం, ఒకటే ఉండి మిగులు ఉంటే రెండవ రూపం ఇస్తుంది. అంతకు మించితే ‘రెండంకెల మాట’ను పిలిచి, వచ్చిన మాటకు మూడవ రూపాన్ని చేరుస్తుంది. తెలుగు వ్యాకరణమంతా ఈ ఒక్క ఫంక్షనులో ఇమిడిపోయింది. పండితులెవరైనా ‘వేయిన్ని’ బదులు ‘వెయ్యిన్ని’ కావాలంటే కోడ్ తెరవనక్కరలేదు, పట్టీలో ఒక గడి మారిస్తే చాలు.

ఒకటి అంకె మరొక చిన్న పేచీ పెడుతుంది. విడిగా అయితే ‘ఇరవై ఒకటి’, వెనుక రూపాయలు గాని వేలు గాని వస్తే ‘ఇరవై ఒక్క’. పట్టీలో 1, 21, 31 మొదలైన వరుసల్లో ‘ఒక్క’ అనే వ్రాసుకుంటే ఈ బాధ తీరుతుంది. మొత్తం ఒక్క రూపాయే అయినప్పుడు మాత్రం ‘ఒక రూపాయి’ అని అసలు మాక్రోలో విడిగా చెప్పాలి.

అసలు మాక్రోలో మిగిలేది

3,47,621 రూపాయలను తీసుకుందాం. లక్షతో భాగిస్తే 3 వస్తుంది, 47,621 మిగులుతుంది. వేయితో భాగిస్తే 47 వస్తుంది, 621 మిగులుతుంది. నూటితో భాగిస్తే 6 వస్తుంది, 21 మిగులుతుంది. ప్రతి మెట్టులోనూ ‘స్థానం మాట’ను పిలిచి, చివరి 21ని ‘రెండంకెల మాట’కు ఇస్తే ‘మూడు లక్షల నలభై ఏడు వేల ఆరు వందల ఇరవై ఒక్క రూపాయలు’ సిద్ధం. అసలు మాక్రోను పైనుంచి కిందికి చదివితే ఇలా ఉంటుంది:

కోట్లు ఎన్నో చూడు, మిగులు తీయి, కోటి స్థానం మాట చేర్చు.
లక్షలు ఎన్నో చూడు, మిగులు తీయి, లక్ష స్థానం మాట చేర్చు.
వేలు ఎన్నో చూడు, మిగులు తీయి, వేల స్థానం మాట చేర్చు.
వందలు ఎన్నో చూడు, మిగులు తీయి, వంద స్థానం మాట చేర్చు.
మిగిలిన రెండంకెల మాట చేర్చు.
‘రూపాయలు మాత్రమే’ అని ముగించు.

ప్రోగ్రామింగ్ తెలియని యజమాని సైతం దీనిని చదివి తల ఊపగలడు.

మాటలను కలిపేటప్పుడు ఖాళీ స్థానాల వల్ల నడుమ రెండేసి ఖాళీలు పడతాయి. వీబీఏలోని ‘ట్రిమ్’ మొదట, చివర ఉన్న ఖాళీలనే తీస్తుంది, నడిమివి తీయదు. ఎక్సెల్ షీటులో వాడే ‘ట్రిమ్’ నడిమివి కూడా ఒకటికి తగ్గిస్తుంది. పేరు ఒకటే, పని వేరు. షీటు ట్రిమ్‌ను మాక్రో నుంచి ‘వర్క్‌షీట్‌ఫంక్షన్’ ద్వారా పిలవవచ్చు.

కోడ్‌లో తెలుగు నిలవదు

తెలుగువారు మాక్రో వ్రాయబోయి మొదటి రోజే విసిగిపోయే సంగతి ఇది. వీబీఏ ఎడిటరులో ‘నలభై’ అని టైపు చేస్తే ప్రశ్నార్థకాలు వరుసకడతాయి. తెలుగు లిపికి యూనికోడ్‌లో 1991 నుంచే స్థానం ఉన్నా, విండోస్ ఎక్స్‌పీతోనే గౌతమి ఫాంటు వచ్చినా, ఈ ఎడిటరు మాత్రం యూనికోడ్‌కు పూర్వపు పద్ధతిలోనే ఉండిపోయింది. ప్రతి అక్షరానికీ సంఖ్య ఇచ్చి ‘సీహెచ్‌ఆర్‌డబ్ల్యూ’ ఫంక్షనుతో వ్రాయవచ్చు. ‘అ’ కావాలంటే 3077 అనాలి. ఆ లెక్కన ‘నలభై’కి అంకెల దండకం చదవాలి. అది ఎవరూ దిద్దలేని కోడ్ అవుతుంది.

షీటు గడుల్లో తెలుగు భేషుగ్గా నిలుస్తుంది. మాటల పట్టీలు షీటులో పెట్టుకోవాలని పైన చెప్పడానికి ఇదే అసలు కారణం. కోడ్ ఆంగ్లంలో, మాటలు షీటులో. పట్టీ ఉన్న షీటుకు మాత్రం ఆంగ్ల పేరే పెట్టాలి, లేకుంటే ఆ పేరును కోడ్‌లో వ్రాయడం కుదరదు. పరీక్ష కోసం ‘మెసేజ్ బాక్స్’లో చూసుకుంటే మళ్లీ ప్రశ్నార్థకాలే కనబడతాయి, కంగారు పడనక్కరలేదు, ఫలితాన్ని గడిలోనే చూడాలి. పాత డీటీపీ ఫాంట్లతో పట్టీ తయారు చేయరాదు. వాటిలో తెలుగు ఆకారం పైకే, లోపల ఉన్నది ఆంగ్ల సంకేతాలే. ఫాంటు లేని మరో కంప్యూటరులో రసీదు తెరిస్తే అది ఏ భాషో చెప్పడం కష్టం.

పట్టీని చదివేటప్పుడు ‘ఈ ఫైలులోని ఫలానా షీటు’ అని స్పష్టంగా చెప్పాలి. ఊరికే గడి సంఖ్య వ్రాస్తే, ఆ సమయంలో తెర మీద ఏ ఫైలు ముందుంటే దానిలోని గడిని చదువుతుంది. పక్కన ధరల పట్టిక తెరిచి ఉంటే రసీదు మీద ‘నలభై ఏడు’ బదులు ఏ వక్క రకం పేరో రావచ్చు.

చిన్న ఫంక్షన్లలోనూ గోతులున్నాయి

సహాయక ఫంక్షన్లు వ్రాసినంత మాత్రాన అన్నీ చక్కబడవు. వీబీఏలో ఒక ఫంక్షనుకు ఇచ్చే విలువ, విడిగా చెప్పకపోతే, నకలుగా కాక అసలుగానే వెళుతుంది. పక్కింటివారికి పుస్తకం ఎరువిచ్చినట్లు. వారు అందులో గీతలు గీస్తే మనకు గీతలతోనే తిరిగి వస్తుంది. సహాయక ఫంక్షను తన పని కోసం ‘మొత్తం’ నుంచి కోట్లు, లక్షలు తీసివేస్తే, అసలు మాక్రోలోని మొత్తం కూడా తరిగిపోతుంది. ఆ తర్వాత అంకెల్లో అచ్చు వేయబోతే 3,47,621 స్థానంలో 21 మాత్రమే మిగిలి ఉంటుంది. విలువ పేరు ముందు ‘బైవాల్’ అని చేరిస్తే నకలు వెళుతుంది, అసలు భద్రం.

మాడ్యూలు తలలో ‘ఆప్షన్ ఎక్స్‌ప్లిసిట్’ అని ఒక పంక్తి ఉండితీరాలి. అది లేకపోతే పేరులో ఒక అక్షరం తప్పు పడినా ఎక్సెల్ దానిని కొత్త పేరుగా భావించి ఖాళీ విలువతో నడిచిపోతుంది. తప్పు అని చెప్పదు. లక్షల మాట రసీదు నుంచి చడీచప్పుడు లేకుండా మాయమవుతుంది.

‘ఇంటిజర్’ అనే రకం 32,767 దాటితే ఓవర్‌ఫ్లో అంటూ ఆగిపోతుంది. రూపాయలకు అది చాలదు. ‘లాంగ్’ రకం 214,74,83,647 వరకు, అంటే 214 కోట్ల పైచిలుకు దాకా వస్తుంది. పట్టీ 99 వరకే ఉంది గనుక మాక్రో 99 కోట్ల దాకా నమ్మకంగా పని చేస్తుంది, అంతకు మించిన మొత్తాన్నీ సున్న కంటే తక్కువ మొత్తాన్నీ మొదట్లోనే తిరస్కరించమని వ్రాసుకోవడం మేలు.

పైసల విషయంలో మరింత మెలకువ కావాలి. పూర్ణాంక భాగహారం చేసే వెనకవాలు గీత గుర్తు, భాగించే ముందే పైసలను సవరించి పూర్ణాంకం చేస్తుంది. 1,250.75ను అలాగే ఇస్తే 1,251గా మారి, రైతుకో వ్యాపారికో పావలా తేడా వస్తుంది. పోనీ పైసలను నూటితో హెచ్చవేసి పూర్ణాంకం తీద్దామంటే, 0.29ను నూటితో హెచ్చవేసినప్పుడు కంప్యూటరు లోపల 29కి వెంట్రుకవాసి తక్కువ వస్తుంది. పూర్ణాంకం తీస్తే 28 పైసలే. దీనికి విరుగుడు ‘కరెన్సీ’ అనే రకం. అది నాలుగు దశాంశాల వరకు మొత్తాన్ని పూర్ణాంకంగానే దాస్తుంది. పైసలను విడదీసే పని కూడా ఒక సహాయక ఫంక్షనుకే అప్పగించాలి. పైసలు ఉంటే ‘రూపాయలు’ సైతం ‘రూపాయల’ అవుతుందని మరువరాదు: ‘వేయిన్ని రెండు వందల యాభై రూపాయల డెబ్బై ఐదు పైసలు మాత్రమే’.

చివరి వరుస ఎక్కడ?

రసీదులు ఒక్కొక్కటిగా కాక, ఒక రోజు చెల్లింపులన్నింటికీ ఒకేసారి అక్షరాలు వేయాలంటే మాక్రో జాబితా పొడవునా నడవాలి. ‘రెండవ వరుస నుంచి 150వ వరుస వరకు’ అని కోడ్‌లో పాతేసినవారు 151వ పేరు వచ్చిన రోజున ఆ మనిషిని లెక్కలోంచి తోసేసినట్లే. ఆ పాపం పెద్దవారికీ తప్పలేదు. అమెరికాలో రైన్‌హార్ట్, రోగాఫ్ అనే ఆర్థికవేత్తలు దేశాల అప్పులపై 2010లో వెలువరించిన ప్రసిద్ధ వ్యాసంలో సగటు తీసిన వరుసలు అయిదు దేశాలకు ముందే ఆగిపోయాయని 2013లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ విద్యార్థి థామస్ హెర్న్‌డన్, తన అధ్యాపకులతో కలిసి బయటపెట్టారు. ప్రపంచ ప్రభుత్వాలు ఉటంకించిన వ్యాసమది. ఇంగ్లండులో 2020 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో 15,841 కొవిడ్ కేసులు సకాలంలో లెక్కకెక్కకపోవడానికి కారణం, పాత ఎక్సెల్ ఫైలు రకం 65,536 వరుసలకు మించి పట్టకపోవడమే.

చివరి వరుసను కనుగొనడానికి ‘చివరి వరుస’ అని ఒక సహాయక ఫంక్షను ఉండాలి. షీటు అట్టడుగుకు పోయి, అక్కడినుంచి పైకి వస్తూ మొదట తగిలిన నిండు గడి దగ్గర ఆగడం దాని పని. పైనుంచి కిందికి వెళితే నడుమ ఒక గడి ఖాళీగా ఉన్నా అక్కడే ఆగిపోతుంది, కింద ఉన్నవారి పేర్లు పోతాయి. ఏ నిలువును చూడాలన్నది కూడా ఆలోచించి చెప్పాలి. మొత్తం నిలువును కాక పేర్ల నిలువును చూడడం క్షేమం. మొత్తం వేయడం మరిచిన వరుస అప్పుడు ఖాళీగా కనబడి పట్టుబడుతుంది.

పరీక్షించవలసిన మొత్తాలు

ముద్ద మాక్రోను పరీక్షించాలంటే వేల మొత్తాలు వేసి చూసినా నమ్మకం కుదరదు. విడదీసిన దానికి కొన్ని చాలు. మొదట ‘రెండంకెల మాట’ను ఒకటి నుంచి తొంభై తొమ్మిది వరకు ఒక నిలువులో వేయించి, తెలుగు బాగా వచ్చిన ఒకరిచేత చదివించాలి. తర్వాత మొత్తం మాక్రోకు 1, 21, 100, 101, 116, 1,000, 1,100, 1,116, 11,100, 99,999, 1,00,000, 1,00,001, 1,01,000, 1,00,00,000 ఇచ్చి చూడాలి. 1,100కు ‘వేయిన్ని నూరు రూపాయలు’, 1,01,000కు ‘లక్షా వేయి రూపాయలు’, 1,00,001కి ‘లక్షా ఒక్క రూపాయలు’ రావాలి. తప్పులన్నీ ఈ అంచుల్లోనే పొంచి ఉంటాయి. ఈ జాబితాను, సరైన జవాబులతో సహా, అదే ఫైలులో ఒక షీటుగా ఉంచి, ఏ మార్పు చేసినా మళ్లీ సరిపోల్చుకోవచ్చు.

సరిహద్దున కన్నడ రసీదు

నొళంబ పల్లవుల రాజధానిగా వెలుగొందిన హేమావతి ఉన్న ఈ అమరాపురం మండలం కర్ణాటకను ఆనుకుని ఉంది. ఇక్కడ కన్నడం మాట్లాడేవారు, చదివేవారు ఎందరో. ఈ వైపు వ్యాపారికి రసీదు కన్నడంలోనూ కావలసి రావచ్చు. ముద్ద మాక్రో అయితే మరొక మాక్రో మొదటినుంచి వ్రాయాలి. పట్టీల పద్ధతిలో 99 కన్నడ మాటలు పక్క నిలువులో వేసుకుంటే ‘రెండంకెల మాట’ ఉన్నదున్నట్లే పని చేస్తుంది. వందల దగ్గర మాత్రం తేడా. కన్నడంలో 200ను ‘ఇన్నూరు’, 300ను ‘మున్నూరు’ అంటారు, ‘రెండు’, ‘వందలు’ అన్నట్లు రెండు మాటలు కావు. 250 అయితే ‘ఇన్నూర ఐవత్తు’. కనుక వందల కోసం తొమ్మిదేసి మాటల మరో చిన్న పట్టీ, దానిని చదివే ఒక ఫంక్షను అదనంగా కావాలి. వేలు, లక్షల రూపాలనూ కన్నడ పద్ధతిలో పట్టీలో నింపుకోవాలి. భాగహారం చేసే మెట్లన్నీ, పైసలు విడదీసేదీ, చివరి వరుసను వెదికేదీ ఏమీ మారవు.

వాడేముందు

మాటల పట్టీలో దిద్దుబాటు చేశాక పాత రసీదు గడులు వెంటనే మారకపోతే ఫంక్షను చెడిందని అనుకోరాదు. తనకు ఇచ్చిన మొత్తం మారితేనే ఫంక్షను మళ్లీ లెక్క కడుతుంది, పట్టీ మారిన సంగతి దానికి తెలియదు. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్9 మీటలను కలిపి నొక్కితే అన్నీ తాజా అవుతాయి. సహాయక ఫంక్షన్ల ముందు ‘ప్రైవేట్’ అని వ్రాస్తే అవి షీటులోని ఫంక్షన్ల జాబితాలో కనబడవు, గుమాస్తాకు ఒక్క అసలు ఫంక్షనే కనబడుతుంది.

ఫైలును మాక్రోలు నిలిచే ‘ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎమ్’ రకంగా భద్రపరచాలి. మామూలు ‘ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్’గా భద్రపరిస్తే కోడ్ అంతా పోతుంది. ఇంటర్నెట్ నుంచి లేదా ఈ-మెయిల్ ద్వారా వచ్చిన ఫైళ్లలోని మాక్రోలను 2022 నుంచి మైక్రోసాఫ్ట్ తనంతట తానే అడ్డుకుంటున్నది. పంపినవారు తెలిసినవారే అయితే, ఫైలు మీద కుడి మీట నొక్కి ప్రాపర్టీస్‌లో ‘అన్‌బ్లాక్’ గడిలో టిక్కు పెట్టిన తర్వాత తెరవాలి. తెలియని చోటునుంచి వచ్చిన మాక్రో ఫైలును, అది ఎంత చక్కని తెలుగు రసీదు ఇస్తానన్నా, చెల్లింపుల కంప్యూటరులో తెరవరాదు. తాజా ఎక్సెల్‌లో ‘లాంబ్డా’ అనే సదుపాయం వచ్చింది. 2020 డిసెంబరులో ప్రకటించిన దీనితో, మాక్రో లేకుండా సూత్రాలతోనే సొంత ఫంక్షన్లకు పేరు పెట్టుకోవచ్చు. తెలుగు మాటలనూ సూత్రంలో నేరుగా వ్రాయవచ్చు. కానీ పాత వెర్షన్లు ఉన్న కంప్యూటర్లలో అది పని చేయదు కావున, ఫైలు ఎవరెవరి చేతుల్లోకి వెళుతుందో చూసుకుని ఏ పద్ధతి అన్నది తేల్చుకోవాలి.